గేటు దాటితే వచ్చే వాసన

ఉదయం ఆరుంబావుకి పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ ఆగలేదు.

అప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరు మగవాళ్ళు. క్రేన్ ఆపరేటర్ స్నానాల గదిలో ఉన్నాడు. అతని మామగారు వంటింటి పక్క గదిలో మంచం మీద ఉన్నారు. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఆపరేటర్ భార్య బిందె తీసుకుని సందు చివరి కుళాయికి వెళ్ళింది.

ఆపరేటర్ తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి మీద మంట లేదు. పాలు కాగి ఉన్నాయి. భార్య కట్టేసి వెళ్ళి ఉంటుందనుకున్నాడు. గిన్నె దించి గట్టు మీద పెట్టాడు.

పక్క గదిలో గ్లాసు మోగింది.

మామగారి మంచానికి ఇనప పట్టీ ఉంది. స్టీలు గ్లాసుతో దానిమీద కొడితే టీ కావాలని అర్థం. మాట పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఇదే లెక్క.

"తెస్తున్నా మామయ్యా! పాలు ఇప్పుడే కాగాయి."

గ్లాసు ఆగలేదు.

"ఏంటంత తొందర? బస్సేమైనా వెళ్ళిపోతోందా?"

గ్లాసు ఇంకా గట్టిగా మోగింది. అతను టీ గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. లైటరు అందుకున్నాడు.

వసారాలో బిందె పడిన చప్పుడైంది. భార్య వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి అతని చేతి మీద కొట్టింది. లైటరు గట్టు కిందికి జారిపోయింది. ఆవిడ పొయ్యి కట్టేసింది, సిలిండరు కట్టేసింది, కిటికీ తెరిచింది. తర్వాత పక్క గదిలోకి వెళ్ళి అక్కడి కిటికీ తెరిచింది. మామగారు గ్లాసు వదిలేశారు. అది నేల మీద దొర్లి గోడకు తగిలి ఆగింది.

"ఇల్లంతా గుప్పుమంటోంది. మెట్ల దగ్గరే కొట్టింది నాకు. మీకు తెలీలేదా?"

"జలుబు చేసింది."

"ఎప్పుడు?"

"నిన్నట్నుంచి."

"నిన్న ఒక్కసారైనా తుమ్మగా చూడలేదే."

"తుమ్మితేనే జలుబా?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అతను గట్టు కిందికి వంగి లైటరు కోసం వెతికాడు.

"అది తర్వాత వెతుక్కోవచ్చు. ఇటు చూడండి. పోయిన్నెల నేను రెండ్రోజులు ఊళ్ళో లేను. బీరువా వెనక ఎలుక చచ్చింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడలేకపోయాను. మీరు అదే గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. అప్పుడూ జలుబేనా?"

"చెత్తలో పనిచేసేవాణ్ణి. నాకు ఎలుకొక లెక్కా?"

"ఈ మాటొకటి దొరికింది మీకు. దేనికైనా ఇదే."

"మరేం చెప్పమంటావ్?"

"నిజం చెప్పండి. మీకు ఈ ఇల్లు పట్టదు. అది చెప్పండి."

"ఇప్పుడు ఇల్లెందుకొచ్చింది మధ్యలో?"

"మధ్యలో కాదు, మొదట్నుంచీ అదే. కూర ఎలా ఉందంటే బాగుంది. కొత్త సబ్బు ఎలా ఉందంటే బాగుంది. ఒకరోజు కూర అడుగంటింది. సిగ్గుపడుతూ వడ్డించాను. బాగుందన్నారు. మర్నాడు కావాలనే అడుగంటించాను."

అతను గట్టు కింద నుంచి లేచాడు.

"కావాలనా?"

"కావాలనే. ఏమంటారో చూద్దామని. కనీసం తిడతారేమోనని. కారప్పొడి చల్లుకుని తినేసి చెయ్యి కడుక్కున్నారు. పైగా బాగుందన్నారు."

అతను ఏదో అనబోయి ఆగాడు.

"చెప్పండి."

"ఏం లేదు."

"అదీ సంగతి. ఏం లేదు." ఆవిడ తమ్ముడికి ఫోన్ చెయ్యడానికి వసారాలోకి వెళ్ళింది.

వంటింట్లోకి ఆవిడ మాటలు మాత్రమే వినిపించాయి. అవతలి మాటలు వినపడలేదు.

"నేనే... లేదు, ఎవరికీ ఏం కాలేదు... రేపొద్దున కారు తీసుకుని రా... అవును, నాన్నని తీసుకెళ్తానంటే పోయిన వారం నేనే వద్దన్నాను. పగలంతా మనిషి తోడున్నాడు కదా అనుకున్నాను... ఇప్పుడు రమ్మంటున్నాను... నాన్నకి నేను చెప్తాలే."

చెప్పక్కర్లేదు. వసారాకూ మామగారి గదికీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. అది తెరిచే ఉంది.

*

భార్య యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం వస్తుంది. ఆపరేటర్‌ది రెండో షిఫ్టు. మధ్యాహ్నం పక్కింటామె వచ్చి మామగారి దగ్గర కూర్చునేదాకా ఇంట్లో వీళ్ళిద్దరే.

ఆ వేళల్లో అతను మామగారికి గడ్డం గీస్తాడు. తినిపిస్తాడు. ప్లాంటు కబుర్లు చెప్తాడు. లారీల్లో ఏం వచ్చింది, ఏ లారీ తలుపుకి గుద్దుకుంది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ. మామగారు వింటారు. ఆయన ముప్ఫై ఏళ్ళు చెత్త లారీ తోలారు. అప్పట్లో చెత్త అంతా ఊరవతల డంపులో పోసేవారు. ఆ డంపు మూసేశాక, చెత్తతో కరెంటు తీసే ఈ ప్లాంటు వచ్చింది. అల్లుడికి అందులో ఉద్యోగం వచ్చింది.

అతని మాటలు చివరిదాకా వినే మనిషి ఆయనొక్కరే. ఆయన జవాబు చెప్పలేరు.

ఆరోజు అతను గడ్డం గీస్తూ మాట్లాడలేదు. మామగారి ఎడమ చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది. బ్లేడు ఆగింది.

"నాకు వినపడింది మామయ్యా, గ్లాసు. టీకి అనుకున్నా."

మామగారు చెయ్యి వదల్లేదు.

"రేపు కారొస్తుంది. మీరు విన్నారుగా."

మామగారు చెయ్యి వదిలేశారు. అతను మిగతా గడ్డం గీశాడు.

*

ప్లాంటులో చెత్త పడే చోటుని గొయ్యి అంటారు. నాలుగంతస్తుల లోతు ఉంటుంది. ఒక పక్క లారీలు వెనక్కి వచ్చి తలుపుల్లోంచి చెత్త పోస్తాయి. గొయ్యి పైన అడ్డంగా పట్టాలుంటాయి. వాటి మీద క్రేన్ కదులుతుంది. దానికి ఆరు వేళ్ళ ఇనప పంజా వేలాడుతుంది. ఆపరేటర్ పైన గాజు గదిలో కూర్చుంటాడు. అతని రెండు చేతుల కింద రెండు లీవర్లు.

కొత్త చెత్త తడిగా ఉంటుంది. కొన్నాళ్ళు గోతిలో పడుంటే ఊట కిందికి దిగి ఆరుతుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ కలపాలి. ఎత్తాలి, విదిలించాలి, పోయాలి, మళ్ళీ ఎత్తాలి. కలిసిందనుకున్నాక అవతలి తొట్టిలో వెయ్యాలి. తొట్టి కింద కొలిమి. ఆ వేడికి గొట్టాల్లో నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. కరెంటు తీగల్లోకి వెళ్తుంది. తడి ఎక్కువ పడితే మంట తగ్గుతుంది. ఎండుది ఎక్కువ పడితే మంట హద్దు దాటుతుంది. అందుకే ఆపరేటర్‌ని ప్లాంటులో వంటాయన అంటారు.

మధ్యాహ్నం స్పీకర్లో కంట్రోల్ రూమ్ ఇంజినీరు గొంతు వచ్చింది.

"వంటాయనా, ఏంటివాళ నీళ్ళ కూర పెడుతున్నావ్?"

"వర్షం మేడమ్. లారీలన్నీ కారుతున్నాయి."

"నా పొయ్యి చల్లారిపోతోంది. ఎండుది చూసి వెయ్యి."

"మూలన పోయిన వారానిది ఉంది. వేస్తున్నా."

"వెయ్యి బాబూ, పుణ్యముంటుంది. ఊరంతా ఫ్యాన్లు మనమీదే తిరుగుతున్నాయి."

"ఊరంతా కాదు మేడమ్, రెండు వీధులు."

"ఆ రెండు వీధుల్లోనే మా ఇల్లుంది. వెయ్యి."

స్పీకర్ ఆగింది. అతను పంజాని మూలకు పంపి పాత చెత్త పట్టుకున్నాడు. తొట్టి మీదికి తెచ్చి తెరిచాడు. గోతిలో చప్పుడు గాజు గదిలోకి రాదు. గోతిలో గాలి కూడా రాదు. ఆ గాలిని ఫ్యాన్లు లాగి కొలిమిలోకి పంపుతాయి, మంటకి గాలి కావాలి కాబట్టి. గాజు గదికి వేరే గొట్టంలోంచి బయటి గాలి వస్తుంది.

భోజనం వేళకి అతను బాక్సు మూత తీశాడు. పొద్దున అంత గొడవ జరిగినా భార్య వండి పెట్టింది. అతను బాక్సుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని గాలి పీల్చాడు. మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పీల్చాడు.

ఏమీ రాలేదు.

ఒక ముద్ద తిన్నాడు. ఉప్పు తెలిసింది. పులుపు తెలిసింది. జేబులోంచి కారప్పొడి పొట్లం తీశాడు. దాన్ని విప్పకుండా కాసేపు చేతిలో పట్టుకుని తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాణ్ణి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు: "వాసన పోయిందా?" మొదట్లో వాడు తల అడ్డంగా ఊపుతాడు. కొందరు వాంతి చేసుకుంటారు, కొందరు ఉద్యోగం మానేస్తారు. నిలిచినవాడు ఏదో ఒకరోజు "పోయింది" అంటాడు. ఆరోజు షిఫ్టంతా కలిసి వాడికి టీ తాగిస్తారు. అక్కణ్ణుంచి వాడు మనవాడు.

ఆపరేటర్‌కి చాలాకాలం పోలేదు. గాజు గదిలో కూర్చునేవాడికి ఎలా పోతుందని వెక్కిరించేవారు. రెండేళ్ళ కిందట ఊళ్ళో జ్వరాలు తిరిగాయి. అతనూ వారం మంచం పట్టాడు. తిరిగొచ్చి గోతి తలుపుల దగ్గర నిలబడి, "వాసన రావట్లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టీ వచ్చింది. అతనూ నవ్వి తాగాడు.

*

టీ విరామంలో అతను కిందికి దిగి లారీల హాలు వెనక అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఈలాయన అక్కడ కూర్చుని ఉన్నాడు.

ఈలాయన పని లారీలను తలుపుల దగ్గరికి నడిపించడం. పొట్టి ఈలలు వేస్తుంటే లారీ వెనక్కి వస్తుంది. ఒక పొడుగు ఈల వేస్తే ఆగాలి. అది మైకులోంచి గాజు గదిలోకీ వెళ్తుంది. పొడుగు ఈల మోగితే లారీ ఎక్కడుంటే అక్కడ ఆగాలి, పంజా ఎక్కడుంటే అక్కడ ఆగాలి. పట్టుకున్నది వదలకూడదు, ముందుకు తీసుకెళ్ళకూడదు. ఎందుకని తర్వాత అడగాలి.

"రావోయ్ వంటాయనా. ఏంటి మొహం అలా ఉంది? ఉప్పెక్కువైందా?"

"నీకు వాసన ఎప్పుడు పోయింది?"

"నాకా? డంపులో ఉన్నప్పుడే పోయింది. టీ ఎవరు తాగించారో కూడా గుర్తులేదు."

"మరి ఇంటికెళ్తే?"

"ఇంటికెళ్తే ఏంటి?"

"ఇంట్లో వస్తుందా?"

"రాకేం? గేటు దాటితే వచ్చేస్తుంది." ఈలాయన టీ ఊదుకున్నాడు. "బస్సెక్కితే పక్కవాడి తలనూనె. ఇంటికెళ్తే మా ఆవిడ ఉల్లిపాయలు. సందు మొదట్లోనే తెలిసిపోతుంది, ఆవిడ కోపంగా ఉందో లేదో."

"ఉల్లిపాయల్ని బట్టా?"

"మాడితే కోపం. మాడకపోతే లోపలికెళ్ళొచ్చు."

ఆపరేటర్ నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది.

"అందరికీ అంతేనా?"

"అంతే మరి. ఇక్కడ పోతుంది, అక్కడ వస్తుంది. లేకపోతే సంసారాలెలా చేస్తాం? ఏం, నీకు రాదా?"

ఆపరేటర్ టీ తాగాడు.

"వేడిగా ఉంది" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

హాల్లోకి ఒక లారీ వచ్చి హారను కొట్టింది. ఈలాయన లేవలేదు. లారీ మళ్ళీ హారను కొట్టింది.

"నీ దగ్గర ఇంకో ఈల ఉందా?" అన్నాడు ఆపరేటర్.

"దేనికి? క్రేన్ వదిలేసి నా ఉద్యోగానికొస్తావా?"

"మా మామయ్యకి."

ఈలాయన అతని వంక చూశాడు. జేబులో వెతికి, తాడు కట్టిన ఈల ఒకటి తీసి చొక్కాకి తుడిచాడు.

"డంపులో నేను ఈలేస్తే ఠక్కున ఆగే డ్రైవరు మీ మామయ్యొక్కడే. మిగతావాళ్ళు కిటికీలోంచి తల బయట పెట్టి ఎందుకు, ఏమిటని వాదన పెట్టుకునేవాళ్ళు. ఆయన ముందు ఆగేవాడు. దిగొచ్చి అడిగేవాడు."

లారీ మూడోసారి హారను కొట్టింది. ఈలాయన లేచాడు.

"మా ఆవిడ చెల్లెలికీ ఆ జ్వరం తర్వాత పోయింది" అన్నాడు వెళ్తూ. "డాక్టరుకి చూపించుకుంది. నువ్వూ చూపించుకో."

"తనకి వచ్చిందా?"

ఈలాయన అప్పటికే హాల్లోకి వెళ్ళిపోయాడు. పొట్టి ఈలలు వినపడ్డాయి.

*

మర్నాడు పొద్దున పాలు కాగేదాకా భార్య పొయ్యి దగ్గరే నిలబడింది. అతను గిన్నెడు వేడినీళ్ళు అడిగాడు. ఆవిడ ఎందుకని అడక్కుండా పోసిచ్చింది.

అతను ఈలని వేడినీళ్ళలో కడిగి, తుడిచి, మామగారి మెడలో వేశాడు.

"మామయ్యా, గ్లాసు కొడితే టీ. ఈల వేస్తే ఆగు. వాసనొచ్చినా, పొగొచ్చినా, ఇంకేదొచ్చినా ఈల వెయ్యండి. నేను ఎక్కడివాణ్ణక్కడ ఆగిపోతా. ఎందుకని తర్వాత అడుగుతా."

మామగారు ఎడమ చేత్తో ఈల తిప్పి చూసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. కుడివైపు పెదవులు మూసుకోవు. గాలి ఆ పక్కనుంచి పోయింది. ఈల మోగలేదు.

"ఇంకోసారి."

ఈసారి గాలితోపాటు ఉమ్ము వచ్చింది. అతను తుడిచాడు.

"పర్లేదు. రేపు చూద్దాం..." అని నాలిక్కరుచుకున్నాడు.

మామగారు ఈల చేతిలో పట్టుకుని గోడ వంక చూశారు.

ఎనిమిది కాకముందే బావమరిది కారు వచ్చింది. సందు ఇరుకు కాబట్టి మలుపులో ఆపి నడిచొచ్చాడు. భార్యకి తమ్ముడు. ఆపరేటర్‌ని ఎప్పుడూ బావా అంటాడు. ఆరోజు బావగారూ అన్నాడు.

"బావగారూ, జరిగింది అక్క చెప్పింది. నేనేం తప్పుబట్టడం లేదు."

"కూర్చో."

"కూర్చోను. ఆఫీసుకెళ్ళాలి. అక్కడ అన్నీ ఏర్పాటు చేశాను. పగలు ఒకావిడ వస్తుంది. టీవీ ఉంది. మాది కరెంటు పొయ్యి, గ్యాసే లేదు."

"మంచిదే."

భార్య మంచం పక్కన సంచి సర్దుతోంది. చొక్కాలు, దుప్పటి, మందులు. పట్టీ మీద ఉన్న స్టీలు గ్లాసు తీసి సంచిలో పెట్టబోయింది.

"గ్లాసెందుకు?" అన్నాడు తమ్ముడు. "అక్కడ బోలెడున్నాయి."

"టీకి కొడతారు."

"దేనిమీద కొడతారక్కా? మాది చెక్క మంచం. చుట్టూ పరుపు."

ఆవిడ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆపరేటర్ చెయ్యి చాపాడు. ఆవిడ గ్లాసు అతనికి ఇచ్చింది, మొహం చూడకుండా.

"నాకు వాసన రాదు" అన్నాడు అతను.

"జలుబు. చెప్పారుగా."

"జలుబు కాదు. ఏ వాసనా రాదు. గ్యాసూ రాదు, ఎలుకా రాదు, నీ కూరా రాదు."

ఆవిడ తలెత్తింది.

"ఎప్పట్నుంచి?"

"ఆ జ్వరం తర్వాత్నుంచి."

"రెండేళ్ళా?"

"అందరికీ పోతుందనుకున్నా. ప్లాంటులో అందరూ పోయిందనే అంటారు. నాకు టీ కూడా తాగించారు."

"టీ ఏంటి?" అన్నాడు బావమరిది.

ఆవిడ భర్త వైపే చూస్తోంది.

"నాతో ఎందుకనలేదు?"

"అనాల్సిన సంగతని తెలీదు. నిన్న ఈలాయన్ని అడిగాను. వాళ్ళకి ఇంటికెళ్తే వస్తుందట. గేటు దాటితే వస్తుందట."

ఆవిడ మంచం అంచున కూర్చుంది. సంచి జిప్పు సగం వేసి ఉంది.

"మరి ఆ కూరలు?"

"ఉప్పు తెలుస్తుంది. పులుపు తెలుస్తుంది. కారం వేసుకుంటే ఏదో ఒకటి తింటున్నట్టుంటుంది."

"మరి బాగుందనేవారు?"

"నువ్వు వండావు కదా."

పక్కింట్లో మిక్సీ తిరిగి ఆగింది.

"రెండేళ్ళు" అందావిడ. "కొత్త సబ్బు తెచ్చాను. కొత్త నూనె రాసుకున్నాను. ఆ షెడ్డులో అందరూ అడిగారు, ఏం రాసుకున్నావని. మీరొక్కరే అడగలేదు. వయసైపోయింది, ఇంకేం అడుగుతారులే అనుకున్నాను."

"నాకు తెలిస్తే కదా."

"అదే అంటున్నా. మీకు తెలీదని నాకు తెలీదు."

బావమరిది గడియారం చూసుకున్నాడు. చూసుకున్నందుకు ఇబ్బంది పడ్డట్టు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"బావగారూ, మీ తప్పు లేదు. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు మరీ కష్టం కదా. జలుబైతే తగ్గుతుంది. ఇది తగ్గుతుందో లేదో తెలీదు."

"తెలీదు" అన్నాడు ఆపరేటర్.

"డాక్టరుకి చూపించారా?"

"లేదు."

"అక్కా, నువ్వే చెప్పు. రేపు నువ్వు షెడ్డులో ఉంటావు. పాలు పొంగుతాయి. నాన్న గ్లాసు కొడతాడు. బావగారు టీ పెడతారు."

ఆవిడ జిప్పు చివరిదాకా లాగింది.

"మామయ్యని ఒక్క మాట అడుగుదాం" అన్నాడు ఆపరేటర్.

"ఏమని అడుగుతాం? ఎలా చెప్తాడు? నాన్నకి నా దగ్గర ఏం తక్కువ?" బావమరిది గొంతు పెరిగింది. "పోయిన వారం వచ్చినప్పుడు కూడా ఇంతే. నేనెప్పుడు అడిగినా, తర్వాత చూద్దాం. నాన్న లారీ తోలిన రోజుల్లో స్కూలు దగ్గర దించొద్దన్నాను. పిల్లలు ముక్కు మూసుకుంటారని. అది ఇంకా మర్చిపోలేదా మీరంతా?"

"నేను ఆ మాటే అనలేదు" అంది భార్య.

"అనరు. అనకుండానే వినిపిస్తారు."

ఆవిడ లేచింది. భర్త వైపు చూడలేదు. తండ్రి వైపు చూడలేదు.

"సంచి తీసుకెళ్ళి కార్లో పెట్టు" అంది. "మందులు పైనే ఉన్నాయి. నువ్వొచ్చాక ఇద్దరూ పట్టుకుని లేపండి."

బావమరిది సంచి ఎత్తాడు. వసారాలోకి నడిచాడు. ఆపరేటర్ గ్లాసు తీసుకుని వంటింటి వైపు కదిలాడు. అది పెట్టడానికి ఇంకో చోటు తోచలేదు.

గదిలోంచి ఈల మోగింది.

పొడుగ్గా మోగింది. ఆపరేటర్ ఆగిపోయాడు. ఒక కాలు ముందుకి వేసి ఉంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

భార్య వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి కట్టేసి ఉంది. సిలిండరు కట్టేసి ఉంది. ఆవిడ పొయ్యి మీదికి వంగి వాసన చూసింది. సిలిండరు దగ్గర చూసింది. కిటికీ దగ్గర చూసింది.

"వాసనేం లేదు" అంది. "అంతా కట్టేసే ఉంది."

అతను కదల్లేదు.

ఆవిడ గది గుమ్మంలోకి వచ్చింది. తండ్రి దిండుకి ఆనుకుని ఉన్నారు. ఎడమ చేతి వేళ్ళతో కుడివైపు పెదవులను దగ్గరికి నొక్కి పట్టుకున్నారు. ఈల ఎడమ పక్క పళ్ళ మధ్య ఉంది.

"నాన్నా, గ్యాసేం లేదు నాన్నా. నేను చూశాను."

ఆయన వంటింటి వైపు చూడటం లేదు. తెరిచి ఉన్న తలుపులోంచి వసారా వైపు చూస్తున్నారు. ఈల మళ్ళీ మోగింది. మొదటిదానికన్నా పొడుగ్గా మోగింది.

"ఎందుకు బావా?" అన్నాడు బావమరిది వసారాలోంచి. "ఎందుకలా వేస్తున్నాడు?"

"ముందు ఆగు" అన్నాడు ఆపరేటర్. "ఎందుకని తర్వాత అడగాలి."

బావమరిది గడప దగ్గర ఉన్నాడు. సంచి కింద పెట్టలేదు. గడప దాటలేదు.